నాణేల ఆన్‌లైన్ విక్రయంలో ఛాయాచిత్రం

పూర్వం సరాఫు చేతికి రూపాయి ఇస్తే ముందు దాన్ని బండమీద మోగించేవాడు. ఖంగుమంటే సరుకు మంచిది. మోత చచ్చుగా ఉంటే అందులో సీసమో తగరమో కలిసిందన్నమాట. తరవాత అరచేతిలో బరువు చూసుకునేవాడు, అంచు వెంట గోరు పోనిచ్చేవాడు, బంగారు నాణెమైతే గీటురాయి తీసేవాడు. కంటికి పని చెప్పేది చివరికే. ఆన్‌లైన్‌లో పాత నాణెం కొనేవారికి చెవి, చెయ్యి, గీటురాయి ఏవీ అక్కరకు రావు. మిగిలేది కన్ను. అదీ అమ్మేవారి కెమెరా ఎంత చూపిస్తే అంత.

సేకరణ కోసం కొనే నాణేల ధరలో లోహం వాటా తరచు చిన్నదే. విక్టోరియా రాణి వెండి రూపాయి బరువు 11.66 గ్రాములు, అందులో వెండి నూటికి 91.7 పాళ్లు. చేతులు మారి మారి రాణి ముఖం చదునైపోయిన రూపాయి వెండి ఖరీదుకు కాస్త పైన పలుకుతుంది. టంకశాల నుంచి వచ్చినప్పటి మెరుపు చెక్కుచెదరని రూపాయి అంతకు ఎన్నో రెట్లు పలుకుతుంది. రెండింటికీ ఉన్న తేడా వెంట్రుకవాసి మందం కూడా లేని పైపొరలో ఉంది. ఆ పైపొరను కొనేవారి దాకా మోసుకెళ్లే పని ఛాయాచిత్రానిది. సరిగ్గా మోస్తే నాణేనికి దాని ధర దక్కుతుంది. మోయలేకపోతే అనుమానం ఖరీదు ధరలోంచి తగ్గుతుంది. ఉన్నదానికన్నా ఎక్కువ మోస్తే నాణెం తిరుగుటపాలో ఇంటికి వస్తుంది.

సుద్దపోత నుంచి స్కానరు దాకా

నాణేన్ని చూడకుండా కొనడం ఇంటర్నెట్‌తో మొదలైన అలవాటు కాదు. యూరప్, అమెరికా వేలం సంస్థలు 19వ శతాబ్దంలోనే దూరప్రాంతాల సేకర్తలకు కేటలాగులు పంపేవి. మొదట్లో వాటిలో మాటల వర్ణనే ఉండేది, లేదా చెక్కడపు బొమ్మ ఉండేది. చెక్కేవాడి చేతివాటం నాణేనికి అంటుకునేది. అరిగిన ముక్కును అతడు తెలియకుండానే తీర్చిదిద్దేవాడు. ఫోటోగ్రఫీ వచ్చాక కూడా చిక్కు తీరలేదు. లోహం అద్దంలా వెలుతురును వెనక్కి కొడుతుంది కాబట్టి ఆనాటి ఫలకాల మీద నాణెంలో సగం తెల్లటి మచ్చగా, సగం నల్లటి నీడగా పడేది.

దానికి కనిపెట్టిన ఉపాయం ప్లాస్టర్ పోత. నాణేనికి అచ్చు తీసి, తెల్లటి సుద్దలాంటి ప్లాస్టర్‌తో నకలు పోసి, ఆ నకలుకు పక్కనుంచి వెలుతురు వేసి ఫోటో తీసేవారు. బ్రిటిష్ మ్యూజియం నాణేల కేటలాగుల్లోని పాత ఫలకాలు చాలామటుకు ఇలా తీసినవే. అమెరికాలో 1869లో ఎడ్వర్డ్ కోగన్ నిర్వహించిన మెకెంజీ సేకరణ వేలం కేటలాగును ఛాయాచిత్ర ఫలకాలతో వచ్చిన తొలి కేటలాగుగా చెబుతారు. పోత వల్ల బొమ్మ ఎత్తుపల్లాలు, అక్షరాలు చక్కగా తేలేవి. రంగు, మెరుపు, గీరలు మాత్రం ప్లాస్టర్‌లోకి రావు. పండితుడికి కావలసింది అందులో ఉంది, కొనేవాడికి కావలసింది లేదు. నేటి కొనుగోలుదారు ఫోటోలో వెతికేది సరిగ్గా ప్లాస్టర్ వదిలేసిన ఆ మూడింటినే.

1995లో ఈబే మొదలైన తొలి సంవత్సరాల్లో డిజిటల్ కెమెరాలు ఖరీదైనవి కావడంతో చాలామంది విక్రేతలు కాగితాల స్కానరు అద్దం మీదే నాణేన్ని పడుకోబెట్టేవారు. స్కానరు దీపం ఒకే దిక్కు నుంచి, ఒకే కోణంలో వెళుతుంది. అందువల్ల మెరిసే నాణెం మసకబారి, బూడిదరంగులో, ప్రాణం లేనట్టు పడేది. చదునుగా అరిగిన నాణేలకు మాత్రం స్కానరు అంత అన్యాయం చెయ్యలేదు. మనదేశంలో ఈ వ్యాపారం 2004లో ఈబే చేతికి వెళ్లిన బాజీ డాట్ కామ్ వేదికపై పుంజుకుంది. ఈబే ఇండియా 2018లో మూతపడ్డాక సేకర్తలు వాట్సాప్ గుంపులకు, ఫేస్‌బుక్‌కు, ముంబయి, బెంగళూరు, అహ్మదాబాద్ వేలం సంస్థల వెబ్‌సైట్లకు చెదిరిపోయారు. ఇప్పుడు హైదరాబాదులోనో విజయవాడలోనో అమ్మకానికి వచ్చే నాణెం మొదట కనబడేది ఎవరి ఫోనులోనో తీసిన, మరెవరి ఫోనులోకో నలిగి చేరిన బొమ్మగానే.

వెలుతురే గ్రేడు

నాణెపు ఫోటోలో కెమెరా కన్నా దీపానికి ప్రాధాన్యం ఎక్కువ. ఎందుకో తెలియాలంటే నాణెం ఎలా మెరుస్తుందో చూడాలి. టంకశాలలో పై అచ్చుకూ కింది అచ్చుకూ మధ్య లోహపు బిళ్ల నలిగినప్పుడు లోహం నడిమి నుంచి అంచు వైపు జరుగుతుంది. ఆ కదలిక వల్ల అచ్చు ముఖం మీద, దాని నుంచి నాణెం మీద, కంటికి ఆనని సన్నటి గీతలు చక్రపు ఆకుల్లా పరుచుకుంటాయి. దీపం కింద నాణేన్ని అటూ ఇటూ వంచితే ఆ గీతలు వెలుతురును రెండు ఎదురెదురు పాయలుగా చీల్చి గిరగిర తిప్పుతాయి. సేకర్తలు దీన్ని లస్టర్ అంటారు, బండిచక్రం అని కూడా అంటారు. చేతులు మారినకొద్దీ ఎత్తుగా ఉన్న చోట్ల, అంటే చెంప, కనుబొమ, కిరీటం మీద, ఈ గీతలే ముందు చెరుగుతాయి. తోమితే అన్నిచోట్లా ఒకేసారి చెరుగుతాయి.

అమెరికన్ విలియం షెల్డన్ 1949లో పాత రాగి సెంట్ల కోసం 1 నుంచి 70 దాకా ఒక స్థితి కొలమానం ప్రతిపాదించాడు. 1986లో మొదలైన పీసీజీఎస్, 1987లో మొదలైన ఎన్‌జీసీ సంస్థలు దాన్నే తీసుకుని నాణేలకు గ్రేడు ఇచ్చి, పారదర్శకమైన గట్టి ప్లాస్టిక్ బిళ్లలో మూసి పంపడం మొదలుపెట్టాయి. ఆ బిళ్లనే స్లాబ్ అంటారు. 60 నుంచి పైన ఉన్న పదకొండు మెట్లూ అసలు చెలామణిలోకి రాని నాణేలకే. వాటి మధ్య తేడా చిన్న దెబ్బలు, అచ్చు పడిన తీరు, మెరుపు, చూడగానే కలిగే ఇంపు. గ్రేడు ఇచ్చే నిపుణుడు నాణేన్ని దీపం కింద తిప్పితిప్పి చూస్తాడు. ఫోటో ఆ తిప్పుడులో ఒక్క క్షణాన్ని పట్టుకుని నిలబెడుతుంది. ఏ క్షణాన్ని నిలబెట్టాలో ఎంచుకునేది అమ్మేవారు. చిక్కంతా అక్కడే ఉంది.

దీపాన్ని బాగా పక్కకు, బల్లకు దగ్గరగా దించితే నాణెం మీది ప్రతి గీర, ప్రతి గుంట నీడతో సహా లేచి నిలబడుతుంది. మంచి నాణెం కూడా దెబ్బలు తిన్నదానిలా కనబడుతుంది. దీపానికీ నాణేనికీ మధ్య తెల్ల కాగితమో పల్చటి గుడ్డో అడ్డుపెట్టి వెలుతురును అన్నివైపుల నుంచీ మెత్తగా పడనిస్తే గీరలు మాయమవుతాయి. వాటితోపాటు మెరుపూ మాయమవుతుంది. తోమిన నాణెమూ తోమని నాణెమూ ఆ పాలవెలుతురులో అన్నదమ్ముల్లా ఉంటాయి. మూడో పద్ధతిలో నాణెం పైన గాజుపలకను 45 డిగ్రీల వాలుగా నిలిపి, పక్కనుంచి వచ్చే వెలుతురు ఆ గాజు మీద తగిలి తిన్నగా కిందికి దిగేలా చేస్తారు. అప్పుడు వెలుతురు కెమెరా చూసే దారిలోనే నాణెం మీదికి వెళ్లి అదే దారిలో తిరిగి వస్తుంది. అద్దంలాంటి చదును కలిగిన ప్రూఫ్ నాణేలకు, రంగులు తిరిగిన వెండికి ఇది బాగా పనికొస్తుంది. కానీ ఎత్తుపల్లాల లోతు కొంత తగ్గుతుంది.

ఎక్కువమంది వాడే మధ్యేమార్గం రెండు దీపాలది. నాణేన్ని గడియారం ముఖం అనుకుంటే ఒక దీపం పది దగ్గర, మరొకటి రెండు దగ్గర, రెండూ కాస్త ఎత్తులో. మెరుపు పాయలు రెండూ పడతాయి, ముఖానికి నీడా దక్కుతుంది. అయినా ఏ ఒక్క దీపం అమరికా నాణెం సంగతి మొత్తం చెప్పదు. ఖరీదైన నాణేనికి కనీసం రెండు వెలుతురుల్లో ఫోటోలు పెట్టని విక్రేతను ఆ రెండోది అడగడం కొనేవారి హక్కు. అడిగినా పంపకపోతే అదీ ఒక జవాబే.

మన ఇళ్లలో వెండి సామానుకు చేసే మర్యాదే పాత రూపాయిలకూ జరుగుతుంది. చింతపండు పులుసులో నానబెట్టి, బూడిదతోనో పొడితోనో రుద్దుతారు. పులుపు నలుపును తీస్తుంది, రుద్దుడు అచ్చు గీతలను తీస్తుంది. మిగిలేది తెల్లగా, నిర్జీవంగా, వేల సన్నటి గీరలతో నిండిన ముఖం. ఇలాంటి రూపాయి ఫోటోలో కొత్తదానిలా తళతళలాడుతుంది. చేతిలోకి వచ్చాక దీపం కింద వంచితే చక్రం తిరగదు. అమ్మబోయే ముందు నాణెం బాగా పడాలని శుభ్రం చేయడం ఈ వ్యాపారంలో అమాయకంగా జరిగే అతిపెద్ద నష్టం. ఫోటో కోసం నాణేన్ని మార్చకూడదు, దీపాన్ని మార్చుకోవాలి.

ఫోను, గది, దుప్పటి

నాణేలు మాత్రమే తీసేవారు నిలువు స్టాండుకు కెమెరా బిగించి, మాక్రో లెన్సుతో, కెమెరా సెన్సారూ నాణెం ముఖమూ సమాంతరంగా ఉండేలా చూసుకుంటారు. కాస్త వంగినా గుండ్రటి నాణెం కోడిగుడ్డు ఆకారం తీసుకుంటుంది, ఒక అంచు మసకబారుతుంది. పూర్తి సైజు సెన్సారు పొట్టి వైపు 24 మిల్లీమీటర్లే. 30 మిల్లీమీటర్లకు కొంచెం పైబడిన రూపాయి ఒకటికి ఒకటి చొప్పున అందులో పట్టదు కాబట్టి కెమెరాను కాస్త పైకి జరుపుతారు. అపర్చర్ మరీ మూసినా చిక్కే. ఇంత దగ్గరగా తీసేటప్పుడు ఎఫ్ 8 అని పెడితే పని చేసేది దాదాపు ఎఫ్ 16 లాగా, సూక్ష్మ వివరాలు మెత్తబడతాయి.

ఫోనుతోనూ అమ్మకానికి సరిపడే ఫోటో వస్తుంది. ఎక్కువ ఫోటోలు చెడేది ఫోను వల్ల కాదు, దాన్ని నాణేనికి మరీ దగ్గరగా పెట్టడం వల్ల. దగ్గరకు వెళితే ఫోను నీడ నాణెం మీద పడుతుంది, నడుమ ఉబ్బి అంచులు వంగుతాయి. రెండు పుస్తకాల దొంతుల మీద గాజుపలక వేసి, దానిపై వెనుక కెమెరా కిందికి చూసేలా ఫోను పెట్టి, కొంచెం జూమ్ చేసి, టైమరుతో తీస్తే చెయ్యి వణుకు ఉండదు. గదిలో కిటికీ వెలుతురు, ట్యూబులైటు, పసుపు బల్బు మూడూ కలిసి ఉంటే ఏ కెమెరా రంగును సరిదిద్దలేదు. సుమారు 2,700 కెల్విన్ల బల్బు కింద వెండి ఇత్తడిలా ఉంటుంది, పగటి వెలుతురు కలిసిన చోట అదే వెండి నీలంగా ఉంటుంది. ఒకే రకం దీపం ఉంచి తక్కినవి ఆర్పేయాలి, పక్కన తెల్ల కాగితం పెట్టి రంగు సరిచూసుకోవాలి.

వెనుక ఏముందన్నదీ లెక్కలోకి వస్తుంది. తెల్లటి పళ్లెంలో పెడితే ఫోను ఆ తెలుపును చూసి నాణేన్ని నల్లబరుస్తుంది. నల్లటి ముఖ్‌మల్ మీద పెడితే నాణేన్ని అతిగా వెలిగించి వివరాలు కాల్చేస్తుంది. బూడిదరంగు కాగితం ఈ రెండు బాధలూ తప్పిస్తుంది. పువ్వుల దుప్పటి మీద తీసిన ఫోటోలో దుప్పటి రంగులు వెండిలో ప్రతిఫలిస్తాయి. అరచేతిలో పెట్టి తీస్తే సైజు తెలుస్తుంది నిజమే, కానీ చర్మం రంగు నాణేనికి ఎక్కుతుంది. రాగి నాణేనికైతే వేలిముద్ర శాశ్వతంగా మిగిలిపోవచ్చు. అంచులు పట్టుకుని ఎత్తడం సేకర్తలకు ఊపిరి పీల్చినంత అలవాటు. అటకమీద దొరికిన మూటను అమ్మబోయేవారికి అది ఎవరో ఒకరు చెప్పాలి.

కష్టపడి తీసిన ఫోటో పంపడంలో పాడవుతుంది. వాట్సాప్ మామూలుగా పంపే బొమ్మను బాగా కుదిస్తుంది; డాక్యుమెంటుగా పంపితే ఉన్నదున్నట్టు వెళుతుంది. ఈబే పొడవాటి వైపు కనీసం 500 పిక్సెళ్లు ఉండాలంటుంది, 1,600 ఉంటే మంచిదంటుంది. పదహారు వందల్లోనూ పన్నెండు వందలు దుప్పటికి పోయి నాణేనికి నాలుగు వందలే మిగిలితే లాభం లేదు.

చార్మినార్ గుమ్మంలో ఒక అక్షరం

ఫోటో ఎంత సూక్ష్మంగా ఉండాలన్నది నాణేన్ని బట్టి తేలుతుంది. హైదరాబాదు సంస్థానపు చార్మినార్ రూపాయి ఇందుకు మంచి పాఠం. 1903 ప్రాంతంలో మహబూబ్ అలీఖాన్ హయాంలో నాణెం మీదికి వచ్చిన చార్మినార్ గుమ్మంలో ఆయన పేరు తొలి అక్షరం ‘మీమ్’ ఉంటుంది. 1911లో ఉస్మాన్ అలీఖాన్ గద్దెనెక్కాక అక్కడ ‘ఐన్’ వచ్చింది. మొదటి ఒకటి రెండేళ్ల నాణేల్లో ఆ ఐన్ కురచగా ఉంటుంది, తరవాతివాటిలో పూర్తిగా ఉంటుంది. కేటలాగులు ఈ రెండింటినీ వేరు రకాలుగా లెక్కిస్తాయి, కొనేవారూ అలాగే లెక్కిస్తారు. 11.18 గ్రాముల ఆ రూపాయి మీద గుమ్మం వెడల్పు కొన్ని మిల్లీమీటర్లు. నాణెం మొత్తం ఎంత అందంగా పడినా, గుమ్మం నీడలో మునిగితే ఆ ఫోటో చెప్పాల్సిన ఒక్క మాటా చెప్పనట్టే.

బ్రిటిష్ రూపాయిల్లో ఇలాంటి కీలకాలు చాలా ఉన్నాయి. 1840 విక్టోరియా రూపాయిల్లో వెనుకవైపు దండలోని చిన్న పండ్లను లెక్కపెడతారు. 19 పండ్ల రకం వేరు, 28 పండ్ల రకం వేరు. 1862 తేదీతోనే ఏళ్ల తరబడి ముద్రించిన రూపాయిల్లో చుక్కలను లెక్కపెడతారు. 1911 జార్జి రూపాయి మీద రాజు ధరించిన గొలుసులోని ఏనుగు పందిలా ఉందని గొడవ లేచి, నాణేలు వెనక్కి తీసుకుని, మరుసటి ఏడు ఏనుగును సరిదిద్దారు. ‘పంది రూపాయి’ అని పేరుపడ్డ ఆ నాణెం కొనేవారు ముందు ఆ తొండాన్ని చూపించమంటారు. గణతంత్ర భారత నాణేల్లో తేదీ కింద చిన్న నక్షత్రం ఉంటే హైదరాబాదు టంకశాలది. ఇలాంటి ప్రతి నాణేనికీ మొత్తం ఫోటోతోపాటు కీలకమైన చోటు దగ్గరి ఫోటో ఒకటి ఉండి తీరాలి. అమెరికాలో 1944 సెంటు మీది మొదటి 4ను చెక్కి 1914గా మార్చి అమ్మిన మోసాలు పేరుమోసినవి. అంకెల దగ్గరి ఫోటో వీటికి మందు.

సాతవాహనుల నాణేల సంగతి ఇంకో తీరు. అవి ఎక్కువగా సీసంతోనో, రాగి తగరం సీసం కలిసిన పోటిన్‌తోనో చేసినవి. ఏనుగు, ఉజ్జయిని గుర్తు, చుట్టూ బ్రాహ్మీ అక్షరాలు. సగం అక్షరాలు బిళ్ల అంచు దాటి బయటికి పోయి ఉంటాయి. మెరుపు ప్రసక్తే లేదు, అందువల్ల పైన చెప్పిన మెత్తటి వెలుతురు ఇక్కడ శత్రువు. నల్లటి సీసం మీద నల్లటి అక్షరం చదవాలంటే దీపాన్ని బాగా కిందికి దించి, ఒక వైపు నుంచే వెయ్యాలి. ఒక కోణంలో కనబడని అక్షరం ఇంకో కోణంలో లేస్తుంది కాబట్టి దీపాన్ని నాలుగు దిక్కులకూ తిప్పి నాలుగు ఫోటోలు తీయడం మంచిది. జగిత్యాల జిల్లా కోటిలింగాలలో దొరికినవాటి వంటి నాణేల మీద రాజు పేరు చదవగలిగితేనే నాణేనికి ఊరూపేరూ. లేకపోతే అది ఏనుగు బొమ్మ సీసపు ముక్క.

విజయనగరపు అర్ధ వరహా బరువు సుమారు 1.7 గ్రాములు, వెడల్పు చిటికెన గోరంత. పణం ఇంకా చిన్నది, అర గ్రాము కూడా తూగదు. వీటికి మాక్రో లెన్సు తప్పనిసరి. బిళ్ల మందంగా ఉండి బొమ్మ ఉబ్బి ఉండటం వల్ల ఫోకస్ కొద్ది కొద్దిగా జరుపుతూ తీసిన ఫోటోలను కలిపి ఒకటి చేస్తారు. బంగారు నాణేలకు మన దగ్గర ఇంకో పరీక్ష ఉంది. కాసులపేరులో గుచ్చడానికి, మెళ్లో పతకంగా వేసుకోవడానికి అంచుకు కొక్కెం అతికించిన నాణేలు లెక్కలేనన్ని. కొక్కెం తీసేశాక అంచు మీద టంకం మచ్చ మిగులుతుంది. బొమ్మ వైపు ఫోటోలోనూ బొరుసు వైపు ఫోటోలోనూ అది కనబడకపోవచ్చు. నాణేన్ని నిలబెట్టి అంచు చుట్టూ తీసిన ఫోటోలు, రెండు దశాంశాల దాకా చూపే త్రాసు మీద ఉంచి తీసిన ఫోటో సరాఫు గోటికీ అరచేతికీ ప్రత్యామ్నాయాలు. పోత పోసిన నకిలీల అతుకు గీత బయటపడేదీ అంచులోనే.

అనుమానం ఖరీదు

కొనేవారికి సరుకు నాణ్యత తెలియనప్పుడు బజారు ఏమవుతుందో ఆర్థికవేత్త జార్జ్ ఏకర్‌లాఫ్ 1970లో పాత కార్ల ఉదాహరణతో వివరించాడు. మంచిదేదో చెడ్డదేదో తేలనప్పుడు కొనేవారు అన్నిటికీ మధ్యస్థపు ధరే ఇస్తారు. ఆ ధరకు మంచి సరుకు వాళ్లు అమ్మరు. చివరికి బజారులో చెడ్డదే మిగులుతుంది. ఈ ఆలోచనకు ఆయన 2001 నోబెల్ బహుమతిలో భాగం పంచుకున్నాడు. ఫోటో లేని నాణెం, మసక ఫోటో నాణెం ఈ మధ్యస్థపు ధర కిందికే జారతాయి. మసక ఫోటో చూసిన అనుభవజ్ఞుడు ‘బాగానే ఉండొచ్చు’ అనుకోడు. ఏదో దాచడానికే మసక అనుకుని అందుకు తగ్గట్టు పాడతాడు.

ఆర్థికవేత్తలకు ఈబే నాణేలు చక్కటి ప్రయోగశాలగా దొరికాయి. డేవిడ్ లకింగ్-రైలీ, ఆయన సహచరులు 1999లో 461 ఇండియన్ హెడ్ సెంట్ల వేలాలను పరిశీలించి, విక్రేతకు వచ్చిన చెడ్డ అభిప్రాయం ధరను మంచి అభిప్రాయం కన్నా గట్టిగా కదిలిస్తుందని చూపారు. నాణేలకు దగ్గరి బంధువైన తపాలా బిళ్లల మీద జరిగిన ఒక అధ్యయనం, ఈబేలో ధరలు ప్రత్యేక వేలం సంస్థ ధరల కన్నా 10 నుంచి 15 శాతం తక్కువని తేల్చి, ఆ తేడాను నాణ్యత గురించిన అనుమానానికే ముడిపెట్టింది. ఫోటోల సంగతి నేరుగా తేల్చినది గ్రెగరీ లూయిస్ 2011లో ప్రచురించిన పరిశోధన. అది కార్ల వేలాల గురించి. పేజీలో ఫోటోలు, వివరాలు ఎక్కువున్నకొద్దీ ధర పెరగడాన్ని ఆయన గమనించాడు. కారణం గురించి ఆయన చెప్పిన మాట నాణేలకూ వర్తిస్తుంది: ఫోటో పెట్టడమంటే ఒక ఒప్పందం రాయడం. చూపించింది ఒకటి, పంపింది ఒకటి అయితే నిలదీయడానికి అదే ఆధారం.

స్లాబులోని నాణేనికి గ్రేడు ఎలాగూ రాసి ఉంటుంది కదా, ఇక ఫోటో ఎందుకన్న ప్రశ్న వస్తుంది. ఒకే గ్రేడు ఉన్న రెండు నాణేలు ఒకే రకంగా ఉండవు. వెండి మీద గంధకం చేరి ఏర్పడే సల్ఫైడు పల్చటి పొరగా ఉన్నప్పుడు, నీటిమీద నూనెపొరలాగే, పసుపు, ఎరుపు, నీలం రంగులు చిమ్ముతుంది. మందమైతే నల్లబడుతుంది. పాత ఆల్బముల్లో, కాగితపు కవర్లలో దశాబ్దాలు పడుకున్న వెండికి వచ్చే ఈ సహజమైన ఇంద్రధనుస్సుకు అదనపు ధర ఇచ్చేవారున్నారు. ఆ అదనమంతా ఫోటో మీద ఆధారపడినదే. స్లాబును తీసేటప్పుడు ప్లాస్టిక్ మీది గీర నాణెం మీది గీరలా కనబడటం, దీపం ప్రతిబింబం రాజు ముఖం మీద కూర్చోవడం మామూలు బాధలు. దీపాన్ని కొద్దిగా పక్కకు జరిపితే చాలావరకు తీరతాయి.

అబద్ధమాడే బొమ్మలు

రంగు తిరిగిన నాణేలకు ధర రావడంతో ఫోటోలో రంగు కలపడమూ వచ్చింది. సాఫ్ట్‌వేర్‌లో ఒక మీట జరిపితే ముదురు బూడిదరంగు నాణెం నెమలి పింఛమవుతుంది. అనుభవజ్ఞులు నాణేన్ని కాక దాని చుట్టూ ఉన్నదాన్ని చూస్తారు. స్లాబు లేబులు తెల్లకాగితం గులాబీ రంగులోకి తిరిగి ఉంటే రంగు పెంచారన్నమాటే. కొత్త ఫోన్లు యజమాని చెప్పకుండానే గీరలను నున్నగా చేస్తాయి, అంచులను పదును చేస్తాయి, రంగులను పెంచుతాయి. మోసం ఉద్దేశం లేకుండా మోసం జరిగిపోతుంది. అలాంటి నాణెం అందుకున్నవారు తిప్పి పంపితే పోను రాను ఖర్చు, చెడ్డ అభిప్రాయం రెండూ అమ్మినవారికే చుట్టుకుంటాయి. కాస్త వెలవెలబోయిన నిజమైన ఫోటో దీర్ఘకాలంలో ఎక్కువ సంపాదిస్తుందని పాత విక్రేతలు అనుభవం మీద చెబుతారు.

ఇంకొకరి ఫోటో ఎత్తుకెళ్లి లేని నాణేన్ని అమ్మడం వేరే కథ. దానికి విరుగుడు సులువు. అదే నాణేన్ని ఈ రోజు తేదీ రాసిన చీటీ పక్కన పెట్టి తీసి పంపమని అడగాలి. బొమ్మతో వెతికే సదుపాయంలో ఆ ఫోటో వేసి చూస్తే, అది ఏ విదేశీ వేలం కేటలాగు నుంచి వచ్చిందో తరచు దొరికిపోతుంది.

2012లో విడుదలైన వైష్ణోదేవి బొమ్మ నాణేలకు లక్షలిస్తామంటూ తెలుగులోనూ తిరిగే వీడియోలు ఈ రెండిటికీ భిన్నం. అక్కడ నాణెం నిజమే, ఫోటో నిజమే. కొంటానన్న మనిషి అబద్ధం. ముందు ‘రిజిస్ట్రేషన్ ఫీజు’ అని వసూలు చేసి మాయమవుతారు. రిజర్వు బ్యాంకు తన పేరూ గుర్తూ వాడి ఇలా డబ్బు గుంజుతున్నారని 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించింది.

మట్టితో సహా నాణేలను ఫోటో తీసి అమ్మకానికి పెట్టేవారు ఇంకో సంగతి తెలుసుకోవాలి. భూమిలో దొరికిన, విలువ పది రూపాయలు దాటిన నిధిని కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిక్షేప నిధుల చట్టం చెబుతోంది. వందేళ్లు దాటిన నాణేలు 1972 పురావస్తువుల చట్టం పరిధిలోకి వస్తాయి. వాటిని వ్యక్తులు దేశం దాటించడానికి వీల్లేదు, వాటితో వ్యాపారానికి లైసెన్సు కావాలి. మట్టి ఉంటే పాతదన్న నమ్మకం కలుగుతుందని కొత్త నకిలీలకు మట్టి పూసి తీసే ఫోటోలూ ఉన్నాయి. మొదటి రకం ఫోటో అమ్మేవారి మీదే సాక్ష్యమవుతుంది, రెండోది కొనేవారి జేబుకు చిల్లు పెడుతుంది.

ఇటీవల కొందరు విక్రేతలు నిశ్చల ఫోటోలతోపాటు పది సెకన్ల వీడియో కూడా పెడుతున్నారు. దీపం కింద నాణేన్ని మెల్లగా వంచితే చక్రం తిరుగుతుందో లేదో తేలిపోతుంది, కాబట్టి ఫోటోకు సాధ్యం కాని ఆ ఒక్క పని వీడియో చేస్తుంది. వెండి బిస్కట్లు, పెట్టుబడి కోసం కొనే కొత్త నాణేలు అమ్మేవారైతే మోతను కూడా వీడియోలో వినిపిస్తున్నారు. ఆ శబ్దాన్ని కొలిచే ఫోను యాప్‌లూ వచ్చాయి. కానీ చార్మినార్ గుమ్మంలో కురచ ఐన్ ఉన్న, మెరుపు చెదరని రూపాయిని మాత్రం ఎవరూ మోగించి చూపించరు. బండమీద వేస్తే అంచుకు దెబ్బ తగులుతుంది, ఆ దెబ్బ తరవాతి ఫోటోలో పడుతుంది.